పచ్చ రంగు కింద తెల్ల ట్రాక్టర్

పురానా గార్డెన్ ట్రాక్టర్ చేతికి రాగానే షౌకీన్లు ముందు దాని రంగు గీకేస్తారు. నన్నడిగితే అది జల్దీబాజీ. జాన్ డీర్ కిస్సానే చూడండి.

పొలం ట్రాక్టర్లతో పేరు తెచ్చుకున్న ఈ అమెరికా కంపెనీ, ఇళ్ల పెరళ్ల కోసం 1963లో 110 అనే చిన్న ట్రాక్టర్ తెచ్చింది. విస్కాన్సిన్‌లోని హొరికాన్ కార్ఖానాలో తయారీ. ఒకే సిలిండర్ కోలర్ ఇంజన్, 7 హార్స్‌పవర్. పచ్చ బాడీ, పసుపు చక్రాలు. పొలం ట్రాక్టర్‌కు చోటా భాయి అన్నమాట.

1969లో కంపెనీకే ఇంకో ఖయాల్ వచ్చింది. బాడీకి తెలుపు వేసి, బానెట్‌కూ సీటుకూ నాలుగు రంగులు పెట్టింది: ఎరుపు, నారింజ, నీలం, పసుపు. పాటియో సిరీస్ అన్నారు. రెండు మూడేళ్లే నడిచింది, 1971తో ఖతం. జనానికి జాన్ డీర్ అంటే పచ్చే! ఆ తెల్ల బండ్లలో కొన్నిటికి తర్వాత పచ్చ రంగు పూసేశారు కూడా.

మరి అలాంటి బండికి అస్లీ రంగు ఏది? అందుకే నేను ముందు బానెట్ లోపలివైపు రూపాయి బిళ్లంత జాగాలో, సన్న సాండ్‌పేపర్ తడిపి ఆహిస్తా రుద్దమంటాను. పొరలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఫొటో తీసి పెట్టుకోండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

కొత్త లైట్లు, మెత్తటి సీటు బోల్టులతో బిగిస్తే నాకు ఏ ఎతరాజూ లేదు, రేపు విప్పేయొచ్చు. ఛాసిస్ కోసి వెల్డింగ్ చేస్తే మాత్రం అది వాపస్ రాదు. ఇక బానెట్‌కు ఎరుపు వేస్తే “ఖరాబ్ చేశావ్” అనే పెద్దమనుషులకు 1969 కేటలాగ్ చూపించండి.