వైట్‌హౌస్‌కి రెండు ప్రయాణాలు

అమెరికాలో మాంసం పాకెట్ మీద ప్రభుత్వ తనిఖీ జరిగిందని తెలిపే చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. మనలో చాలామందిమి దాన్ని పట్టించుకోం. దాని వెనక ఒక సోషలిస్టు రచయితా, వాషింగ్టన్ నగరమూ, వలస వచ్చిన ఒక కుటుంబం కథా ఉన్నాయి.

ఆ రచయిత అప్టన్ సింక్లెయిర్. 1878లో, వాషింగ్టన్‌కి దగ్గర్లోని బాల్టిమోర్‌లో పుట్టాడు. 1904లో షికాగో కబేళాల పేటలో ఏడు వారాలు కార్మికులతో కలిసి తిరిగి, చూసినదంతా "ది జంగిల్" నవలగా రాశాడు. 1905లో ఒక సోషలిస్టు వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 1906 ఫిబ్రవరిలో పుస్తకమైంది. లిథువేనియా నుంచి బోలెడు ఆశలతో వచ్చిన యూర్గిస్ ఇల్లూ, ఆరోగ్యమూ, అయినవాళ్ళూ పోగొట్టుకోవడమే అందులోని కథ.

అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్‌కి సోషలిస్టులంటే గిట్టదు. అయినా ఆ ఏప్రిల్‌లో సింక్లెయిర్‌ని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. నిజం తేల్చమని చార్లెస్ నీల్‌, జేమ్స్ రెనాల్డ్స్‌లను షికాగో పంపాడు. వాళ్ళ నివేదిక జూన్‌లో కాంగ్రెస్‌కి చేరింది. జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, ఆహార ఔషధాల చట్టం రెండిటిమీదా రూజ్వెల్ట్ సంతకం చేశాడు.

సింక్లెయిర్ మాత్రం సంతోషించలేదు. పాడైన మాంసం గురించి ఆయన రాసింది కొద్ది పేజీలే. వాషింగ్టన్ ఆ పేజీలే చదివింది. తను జనం గుండెకి గురిపెడితే దెబ్బ కడుపుకి తగిలిందని వాపోయాడు.

1967 డిసెంబరులో ఆయనకి మళ్ళీ వైట్‌హౌస్ నుంచి పిలుపొచ్చింది. పాత చట్టం రాష్ట్రాల సరిహద్దు దాటే మాంసానికే వర్తించేది. ఆ లోటు పూడ్చే చట్టంమీద లిండన్ జాన్సన్ సంతకం చేస్తుంటే, 89 ఏళ్ళ సింక్లెయిర్ చక్రాల కుర్చీలో కూర్చుని చూశాడు. మరుసటి ఏడు నవంబరులో న్యూజెర్సీలోని బౌండ్ బ్రూక్‌లో కన్నుమూశాడు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే మనవాళ్ళకి ఆ ఊరు దగ్గరే.

తన కంచంలోని తిండి కోసం రాజధాని అయిదు నెలల్లోపే చట్టం చేసింది. ఆ తిండి తయారుచేసే మనిషికి యూనియన్ హక్కు 1935లో, కనీస వేతనం 1938లో, పనిచోట భద్రతకి చట్టం 1970లో వచ్చాయి. చివరిది చూడ్డానికి సింక్లెయిర్ లేడు.

ఇక్కడి హైస్కూళ్ళలో మన పిల్లలు ఈ నవల గురించి చదువుతుంటారు. ఒకసారి అడిగి చూడండి, వాళ్ళకి మాంసం గుర్తుందో, యూర్గిస్ గుర్తున్నాడో.