పాతబస్తీ సైకిల్ చెప్పే మాట: తాళం కన్నా పేరు గట్టిది



ప్రతి ఏడూ మన ఊళ్ళ నుంచి పిల్లలు పట్నం పోతారు. కొందరు చదువుకు, కొందరు షాపుల్లో పనికి. కిరాయి తక్కువని చార్మినార్ వెనక గల్లీల్లోనో, అఫ్జల్‌గంజ్ పక్కనో ఒక రూము చూసుకుంటారు. బండి కొనిచ్చే తాహతు మనకుండదు, రోజూ పెట్రోలు పోసుకునే జీతం వాళ్ళకుండదు. "నాయినా, ఒక సైకిల్ ఇప్పియ్యి" అంటారు. అడిగింది న్యాయమే. ఎటొచ్చీ ఏ సైకిల్ కొనాలి, కొన్నది నెల తిరక్కముందే ఎవడూ ఎత్తుకుపోకుండా ఎట్లా? దీనికి జవాబు మన పెద్దలు సైకిల్‌ను ఎట్లా కాపాడుకున్నారన్న చరిత్రలోనే ఉంది. ఓపికగా చదవండి.

ముందు ఈ సైకిల్ ఎక్కడిదో చూద్దాం. రెండు సమానమైన చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను, ఈ రూపాన్ని ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాత ర్యాలీ, హంబర్, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. లాంటి పేర్లు ఓడలెక్కి మన దేశానికి చేరాయి. బి.ఎస్.ఏ. అసలు తుపాకులు చేసే కంపెనీ. అందుకే దాని గుర్తులో మూడు తుపాకులు ఉంటాయి. నిజాం కాలంలో అట్లాంటి సైకిల్ ఇంట్లో ఉందంటే కలిగినవాళ్ళ కిందే లెక్క. మామూలు కూలి మనిషికి అది అందని మాట.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ లెక్క మారింది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పెట్టారు. బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ వచ్చింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. 1986 నాటికి హీరో ప్రపంచంలోనే అందరికన్నా ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఏ కంపెనీదైనా నల్ల సైకిల్ రూపం దాదాపు ఒకటే. కడ్డీ బ్రేకులు, పెద్ద చక్రాలు, బరువైన క్యారియర్. టైరు, ట్యూబు, స్పోకులు, బాల్ బేరింగులు ఊరి పంచర్ షాపులో కూడా దొరికేవి. నల్ల సైకిల్ అసలు బలం గట్టిదనంలోనే లేదు. ఎక్కడ ఆగిపోయినా అక్కడే బాగుచేసేవాడు దొరకడంలో ఉంది.

పాతబస్తీకి ఇది బాగా సరిపోయింది. చార్మినార్ 1591 నాటిది, పురానాపూల్ అంతకన్నా పాతది, 1578 నాటిది. వాటి చుట్టూ అల్లుకున్న గల్లీల్లో సైకిల్ దూరినంత సులువుగా ఇంకేదీ దూరదు. క్యాన్లు కట్టుకుని పాలవాళ్ళు, తెల్లారేసరికి పేపరు వేసే పిల్లలు, పత్తర్‌గట్టి షాపుల్లో పనిచేసేవాళ్ళు, అందరికీ అదే వాహనం. అట్లాంటి మనిషికి సైకిల్ పోతే నష్టం ఇనుముతో ఆగదు, మర్నాటి పని పోతుంది. 1948లో ఇటలీలో 'బైసికిల్ థీవ్స్' అని ఒక సినిమా తీశారు. రోము నగరంలో గోడలకు పోస్టర్లు అంటించే పేదవాడి సైకిల్ పోతుంది. సైకిల్ లేకపోతే ఆ ఉద్యోగం లేదు. కథంతా అతనూ, చిన్న కొడుకూ కలిసి దాని కోసం ఊరంతా వెతకడమే. పాత సామాన్ల సంతలో కూడా వెతుకుతారు, దొరకదు. మన దగ్గరా అంతే కదా? నాట్లప్పుడు ఎద్దు పోయిన రైతు గోస మనకు తెలుసు.

మరి ఆ రోజుల్లో దొంగలు లేరా అంటే, ఉన్నారు. తాళాలు కూడా ఇప్పటంత గట్టివి కావు. కానీ సైకిల్‌కు యజమాని పేరు అంటుకుని ఉండేది. ఎట్లాగో చూడండి.

మొదటిది, బిళ్ళ. మున్సిపాలిటీలు సైకిల్ మీద పన్ను వేసేవి. కట్టినవాళ్ళకు సంవత్సరం, నంబరు అచ్చు వేసిన రేకు బిళ్ళ ఇచ్చేవాళ్ళు. బిళ్ళ లేకుంటే ఆపి జరిమానా వేసేవాళ్ళని జనం తిట్టుకునేవాళ్ళు. అది పన్ను కోసం పెట్టిందే. అయినా ఈ సైకిల్ ఫలానావాళ్ళదని సర్కారు పుస్తకంలో ఒక వరస రాసి ఉండేది.

రెండోది, రంగు. కొనగానే పెయింటర్ దగ్గరికి తీసుకుపోయి మడ్‌గార్డు మీదా, చైను కవరు మీదా పేరు రాయించుకునేవాళ్ళు. సైకిల్ టాక్సీ షాపులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. టాక్సీ అన్నా అది గంటకింతని కిరాయికిచ్చే సైకిలే. ఊరూపేరూ తెలియని మనిషి చేతిలో సైకిల్ పెట్టి పంపడం షాపువాడికి చిన్న ధైర్యం కాదు. అందుకే ప్రతి సైకిల్ మీదా పెద్ద అక్షరాలతో షాపు పేరు, నంబరు రాయించేవాడు. తెలిసినవాడు పూచీ ఉంటేనే ఇచ్చేవాడు. 

మూడోది, మనుషులు. సినిమా హాలు స్టాండులో చీటీ ఇచ్చేవాడు, మూలమీద పంచర్లు వేసేవాడు, వీళ్ళకు ఏ సైకిల్ ఎవరిదో తెలుసు. దొంగ ఎత్తుకుపోయినా ఆ చుట్టుపక్కల అమ్మడం కష్టం. అమ్ముకోలేని దాన్ని ఎవడు దొంగిలిస్తాడు?

తర్వాత తర్వాత బండ్లు పెరిగాయి. సైకిల్ పన్ను పోయింది, బిళ్ళా పోయింది. పేరు రాయిస్తే అందం పోతుందని రాయించడం మానేశారు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది. అది 2020 జూన్ 3, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం రోజే. ఇప్పుడు పిల్లలు అడిగేది గేర్లు, షాకప్‌లు ఉన్న రంగుల సైకిల్. ధర ఎక్కువ, విడిభాగాలు అన్నిచోట్లా దొరకవు. చక్రం, సీటు ఒక్క గుంజుడుకు ఊడివచ్చేవి కొన్ని ఉన్నాయి. పైన పేరుండదు, ఇంట్లో రసీదుండదు. దొంగకు ఇంతకన్నా ఏం కావాలి?

బయటి దేశాలు చూడండి. జపానులో సైకిల్ కొన్నవాళ్ళు పోలీసు లెక్కల్లోకి ఎక్కే నంబరు స్టిక్కర్ వేయించుకోవాలని 1994 నుంచి చట్టం చేశారు. మనం వదిలేసిన బిళ్ళ లాంటిదే. సైకిల్ దొంగతనాలకు పేరుపడ్డ ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలామంది పాత, మామూలు సైకిలే తొక్కుతారు. చూస్తే ఆశ పుట్టకూడదని. తాళం మాత్రం గట్టిది వేస్తారు.

ఇక కొనే సంగతి. పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్ ఉంది. జుమ్మెరాత్ అంటే గురువారం. పాత సామాన్లకు పేరున్న సంత. అక్కడ అమ్మేదంతా దొంగసొత్తు అనుకుంటే పాపం, ఎందరో పేదల పొట్ట దాని మీదే గడుస్తుంది. కానీ ఏ సంతలోనైనా సరే, ధర మరీ తక్కువ చెప్పి, చీటీ అడిగితే మొహం తిప్పుకునేవాడి దగ్గర కొనకండి. దొంగసొత్తని తెలిసీ, లేదా అనుమానం రావాల్సిన చోట కళ్ళు మూసుకునీ కొంటే, భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. అంతకన్నా పెద్ద మాట, అది మన పిల్లాడి లాంటి ఇంకో పిల్లాడి సైకిల్.

ఎద్దును కొనేటప్పుడు ఏం చేస్తాం? పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం, సంత చీటీ తీసుకుంటాం. సైకిల్‌కూ అదే పద్ధతి.

పళ్ళ బదులు ఫ్రేము నంబరు చూడండి. పెడళ్ళ ఇరుసు గొట్టం అడుగునో, సీటు కింది గొట్టం మీదో గుద్ది ఉంటుంది. అక్కడ ఆకురాయి పెట్టి గీకినట్టున్నా, అంతమేరకే కొత్త రంగు పూసినట్టున్నా వదిలేయండి. వెల్డింగు మచ్చలు వెతకండి. చక్రం లేపి తిప్పితే రిమ్ము బెండు తెలుస్తుంది. తొక్కి చూడండి, బ్రేకు పట్టి చూడండి. పాతదైతే తెల్లకాగితం మీద అమ్మినవాడి పేరు, ఊరు, ఫ్రేము నంబరు, తారీఖు రాయించి సంతకం పెట్టించండి. కొత్తదైతే రసీదు మీద ఆ నంబరు వేయించండి. రసీదుకూ, సైకిల్ పక్కన పిల్లాడు నిలబడ్డప్పుడూ ఒక్కో ఫోటో తీసి మీ ఫోన్లో ఉంచండి.

రకం సంగతికొస్తే, గేర్లు లేని మామూలు సైకిల్ చాలు. పట్నంలో రూము పక్కన ఉన్న మెకానిక్ బాగుచేయగలిగిందే మంచి సైకిల్. పేరు, ఊరు మడ్‌గార్డు మీద రాయించండి. పిల్లాడు సిగ్గుపడినా సరే.

తాళం విషయం. వెనక చక్రానికి ఉండే గుండ్రటి తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. మొత్తం సైకిల్‌నే ఎత్తి ఆటోలో వేసుకుపోతే అదేం చేస్తుంది? అందుకని గట్టి గొలుసు ఒకటి కొనివ్వండి. ఫ్రేములోంచి, వెనక చక్రంలోంచి తీసి, కదలని స్తంభానికో కిటికీ ఊచకో కట్టాలి. గేదెను గుంజకు కడతాం కానీ, దాని కాళ్ళు రెండూ కలిపి కట్టి రోడ్డు మీద వదిలిపెట్టం కదా. రాత్రి సైకిల్ రూము లోపలే ఉండాలి.

ఇంత చేసినా పోతే ఊరుకోవద్దు. పట్నం స్టేషన్‌కే పోవాలని లేదు, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. నంబరు, ఫోటో ఉంటే వాళ్ళు వెతకడానికి ఒక దారి ఉంటుంది. అవి లేకపోతే దొరికిన సైకిల్ కూడా మనదని చూపించుకోలేం.

మన పెద్దల దగ్గర మంచి తాళాలు లేవు, పేరు రాసిన మడ్‌గార్డు ఉంది. మన పిల్లలకు రెండూ ఇద్దాం. మీ ఇంట్లో పాత సైకిల్ బిళ్ళ ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి, ఏ ఊరిదో, ఏ ఏడుదో రాయండి. మన పోరగాళ్ళకు చూపిద్దాం.