తుమ్మెదకు ఇల్లు కట్టిన కథ

మన ఇండ్ల దూలములను తొలుచు నల్లని తుమ్మెదను ఎరుగనివా రుండరు. చలిదేశములలో దీనికి బంధువైన కీటక మొకటి కలదు. ఒడలెల్ల దట్టమైన నూగుతో, పసుపు నలుపు పట్టెలతో బొద్దుగా నుండు దానిని బంబుల్ తుమ్మెద అందురు. మన దేశములో అది హిమాలయ ప్రాంతమున కనిపించును. తెలుగు మైదానములలో లేదు. దానికొక గూటిపెట్టె అమర్చుటకు మానవుడు నూరేండ్లకు పైగా ప్రయత్నించుచున్నాడు. ఈ కథలో చుంచెలుకకు కూడ పెద్ద పాత్ర యున్నది.

శీతకాలమంతయు రాణి తుమ్మెద ఒంటరిగా నేలలో నిద్రించి, వసంతమున మేల్కొని ఇల్లు వెదకును. అనేక జాతుల రాణులు గూటికి కావలసిన బొరియను తామే త్రవ్వుకొనవు. చుంచెలుక విడిచిపోయిన బొరియ, అందులో మిగిలిన ఎండుగడ్డి దొరికిన చాలును. రాణి అందు మైనముతో చిన్న తేనెకుండ చేసి, పుప్పొడి ముద్దపై గ్రుడ్లు పెట్టి, కోడివలె తన ఒంటి వేడితో పొదుగును.

చార్లెస్ డార్విన్ 1859లో ప్రకటించిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథములో ఈ తుమ్మెదను ప్రస్తావించెను. పశువుల మేతకు పనికివచ్చు ఎర్ర క్లోవరు మొక్క గింజ కట్టుటకు ఇదియే ఆధారమనియు, చుంచెలుకలు దీని గూళ్లను పాడుచేయుననియు, పిల్లులున్న ఊళ్ల దాపున ఎలుకలు తగ్గి గూళ్లు పెరుగుననియు ఆయన చెప్పెను. చూడుడు, ఎంత వింత! తుమ్మెదకు ఇల్లిచ్చునదియు, ఆ ఇంటిని కూల్చునదియు ఎలుకయే.

ఈ తుమ్మెద విలువ న్యూజిలాండు రైతులకు అనుభవముచే తెలిసెను. అచట నాటిన ఎర్ర క్లోవరు సరిగా గింజ కట్టలేదు. 1885లో ఇంగ్లాండునుండి రాణులను ఓడలలోని శీతలపు గదులలో తెచ్చి క్రైస్ట్‌చర్చి ప్రాంతమున విడిచిరి. దారిలో పెక్కు చచ్చినను, మిగిలినవి నిలద్రొక్కుకొని దేశమెల్ల వ్యాపించెను.

తుమ్మెదకు ఇల్లు కట్టుటలో శ్రద్ధగా కృషి చేసినవాడు ఇంగ్లాండులోని కెంటు మండలమునకు చెందిన స్లాడెన్. ఆయన నేలలో గుంటలు చేసి, మెత్తని ఎండుపీచు పరచి, పైన మూత వేసి, రాణి లోనికి వచ్చుటకు సన్నని సొరంగ మమర్చెను. అనగా ఎలుక పనిని తాను చేసెనన్నమాట! తన అనుభవములను 1912లో ఒక గ్రంథముగా వెలువరించెను.

అయినను రాణి మెప్పు పొందుట సులభము కాదు. 2007-2010 మధ్య బ్రిటనులో 7 వందలకు పైగా పెట్టెలను పెట్టి చూడగా, నూటికి మూడింటిలో మాత్రమే తుమ్మెదలు కాపురముండెను. తేమ చేరినను, చీమలు పట్టినను గూడు నిలువదు. 1980ల చివరినుండి ఐరోపాలో వీనిని పెట్టెలలో పెంచి, గాజు ఇండ్లలోని టొమాటో తోటలకు అమ్ముచున్నారు. కాని అచట రాణికి ఇల్లు వెదకు పనియే లేదు. మనుష్యుడే దానిని పెట్టెలో నుంచును. స్వేచ్ఛగా తిరుగు రాణికి మాత్రము ఎలుక విడిచిన బొరియ, దున్నని గట్టు, కోయని గడ్డి కావలెను. అవి నశించినచోట ఎంత చక్కని పెట్టెయైనను వాని లోటు తీర్చజాలదు.

టొమాటో పువ్వును పట్టుకొని ఝుమ్మని అదరగొట్టి పుప్పొడి రాల్చుట బంబుల్ తుమ్మెద విద్య. మన నల్లతుమ్మెదకు కూడ ఆ విద్య తెలియును. దానికి కావలసినది ఎండు వెదురు, పాత కొయ్య. పెరటిలో అట్టి వెదురుబొంగు నొకదానిని పొయ్యిలో పెట్టక విడిచినచో, మనమును ఒక తుమ్మెదకు ఇల్లిచ్చినవార మగుదుము.