చిన్న పరిశ్రమల స్థాపనకు మార్జిన్ మనీ: ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం అమలయ్యే తీరు

సొంతంగా చిన్న పరిశ్రమ స్థాపించదలచిన వారికి బ్యాంకు రుణంతో ముడిపెట్టి కేంద్ర ప్రభుత్వం అందించిన సహాయాలలో ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ముఖ్యమైనది. 1993లో మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజనను, 1995 నుండి అమలులో ఉన్న గ్రామీణ ఉపాధి కల్పన కార్యక్రమాన్ని విలీనం చేసి 2008లో దీనిని ప్రవేశపెట్టడం జరిగింది. జాతీయ స్థాయిలో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్, రాష్ట్రాలలో కమిషన్ కార్యాలయాలు, ఖాదీ బోర్డులు, జిల్లా పరిశ్రమల కేంద్రాలు అమలు బాధ్యత వహించాయి. 2021-22 నుండి 2025-26 వరకు పథకం కొనసాగింపునకు 2022లో ఆమోదం లభించింది. దిగువ పేర్కొన్న పరిమితులు, శాతాలు ఆ కాలానికి వర్తించినవి.

గ్రామాలలో దీనిని "సబ్సిడీ లోను" అనే పిలుస్తారు. రుణంలో కొంత భాగం ఉచితంగా చేతికి వస్తుందన్న అపోహకు ఈ పేరే చాలావరకు కారణం. వాస్తవానికి సబ్సిడీ సొమ్ము మూడేళ్లపాటు లబ్ధిదారుని చేతికి రాదు. ఈ విషయం ముందుగా తెలియక, సబ్సిడీని నమ్ముకొని సొంత వాటాను సైతం అధిక వడ్డీకి అప్పు తెచ్చేవారు మొదటి ఏడాదిలోనే చిక్కుల్లో పడతారు.

ఉదాహరణకు, గ్రామీణ ప్రాంతంలో ఒక మహిళ రూ. 8 లక్షల వ్యయంతో కారం, పసుపు, మసాలా పొడుల తయారీ యూనిట్ తలపెట్టారనుకుందాం. ఆమె సొంత వాటా 5 శాతం, అనగా రూ. 40 వేలు. మిగిలిన రూ. 7.60 లక్షలను బ్యాంకు మంజూరు చేస్తుంది. ఆమెకు వర్తించే సబ్సిడీ 35 శాతం, అనగా రూ. 2.80 లక్షలు. బ్యాంకు ఈ మొత్తాన్ని నోడల్ సంస్థ ద్వారా తెప్పించి, ఆమె పేరిట మూడేళ్ల టర్మ్ డిపాజిట్‌గా ఉంచుతుంది. ఆ డిపాజిట్‌పై వడ్డీ రాదు. రుణంలో అంతే మొత్తంపై వడ్డీ వసూలు చేయరాదు. కనుక మొదట్లో ఆమెపై వడ్డీ భారం రూ. 4.80 లక్షల మేరకే ఉంటుంది. మూడేళ్ల తరువాత యూనిట్‌ను భౌతికంగా తనిఖీ చేసి, డిపాజిట్‌ను రుణ ఖాతాకు సర్దుబాటు చేస్తారు. యూనిట్ లేదని తేలితే ఆ సొమ్ము ప్రభుత్వానికి తిరిగి వెళుతుంది.

సాధారణ వర్గాల వారికి సొంత వాటా 10 శాతం. సబ్సిడీ పట్టణాలలో 15, గ్రామాలలో 25 శాతం. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, మైనారిటీలు, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులకు సబ్సిడీ 25, 35 శాతం. 2022 మార్పులలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను, వైఎస్సార్ కడప, కుమురం భీం ఆసిఫాబాద్ వంటి ఆకాంక్షిత జిల్లాల దరఖాస్తుదారులను కూడా ఈ ప్రత్యేక వర్గంలో చేర్చారు. పంచాయతీరాజ్ సంస్థల పరిధిని గ్రామీణంగా, మున్సిపాలిటీల పరిధిని పట్టణంగా పరిగణించాలని అప్పుడే నిర్ణయించారు. యూనిట్ స్థలాన్ని ఎంచుకునే ముందే ఈ హద్దు చూసుకోవడం మంచిది; తేడా 10 శాతం.

ప్రాజెక్టు వ్యయ పరిమితి తయారీ రంగంలో రూ. 50 లక్షలు, సేవా రంగంలో రూ. 20 లక్షలు. 18 ఏళ్లు నిండినవారు అర్హులు. ఆదాయ పరిమితి లేదు. తయారీలో రూ. 10 లక్షలు, సేవలలో రూ. 5 లక్షలు దాటిన ప్రాజెక్టులకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత అవసరం. భార్యాభర్తలలో ఒకరికే అవకాశం. ఇప్పటికే నడుస్తున్న యూనిట్లకు ఈ సహాయం వర్తించదు.

ప్రాజెక్టు నివేదికలో భూమి ధరను చేర్చరాదు. నిర్వహణ పెట్టుబడి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సబ్సిడీ పెరుగుతుందన్న ఆశతో ఈ పద్దును పెంచి చూపడం కద్దు. అయితే మూడేళ్లలో ఒక్కసారైనా క్యాష్ క్రెడిట్ పరిమితిని పూర్తిగా, మొత్తం మీద 75 శాతానికి తగ్గకుండా వినియోగించాలన్నది నిబంధన. అలా జరగకపోతే తగిన నిష్పత్తిలో సబ్సిడీని వెనక్కు తీసుకుంటారు. ఎవరో రాసిచ్చిన నివేదికపై సంతకం చేసిన వారికి ఈ సంగతి చివరి తనిఖీ వేళ గాని తెలియదు. రూ. 10 లక్షల వరకు రుణానికి బ్యాంకులు ఆస్తి హామీ కోరరాదు. దరఖాస్తుకు రుసుము లేదు. మధ్యవర్తులెవరినీ కమిషన్ నియమించలేదు.

యూనిట్ నడక మొదలయ్యాక ఎదురయ్యే అసలు సమస్య బకాయిలు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులు మించకుండా చెల్లించాలి. జాప్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలవారీ చక్రవడ్డీ చెల్లించాలి. వసూలు కానప్పుడు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉపకరిస్తుంది. 2020 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఈ నమోదు ఉచితం. ఆధార్ ఆధారంగా స్వీయ ప్రకటనతో పూర్తవుతుంది. సరుకు పంపిన తరువాత కాక, ముందే నమోదు చేసుకోవాలి. చిల్లర, టోకు వ్యాపారులను 2021లో ఉద్యమ్ పరిధిలోకి తిరిగి చేర్చినప్పటికీ, వారికి ప్రాధాన్యతా రంగ రుణాల ప్రయోజనం మాత్రమే లభించింది.