తుఫానుకు ముందు పెరడు

తీరమున తుఫాను మూడు రూపములలో వచ్చును: ఉప్పెన, గాలి, వాన. బోధను పట్టణము సముద్రమునకు 400 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. ఉప్పెన అక్కడికి చేరదు. గాలియు దారిలోనే చాలవరకు బలహీనపడును. ఏలన వెచ్చని సముద్రజలము ఆవిరియై తుఫానున కందించు శక్తి నేలమీద దానికి దొరకదు. మిగిలినది వాన. కావున ఇంటిపెరడును తుఫానుకు సిద్ధపరచుట బందరులో ఒక పని, బోధనులో మరియొక పని. ఈ భేదము తెలియుటకు జనులు చెల్లించిన మూల్యము చిన్నది కాదు.

గోదావరి ముఖమునందలి కోరంగి రేవు 1789లోను, మరల 1839లోను ఉప్పెనపాలయ్యెను. ఇట్టి గాలివానల వృత్తాంతములను ఓడల దినచర్యలనుండి ఏర్చి కూర్చినవాడు కలకత్తాలోని హెన్రీ పిడింగ్టను. గాలి పాముచుట్టవలె సుడితిరుగుట గమనించి, గ్రీకు పదమొకటి ఆధారముగా 1848లో ఆయన దానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టెను. పేరు వచ్చినది గాని హెచ్చరిక రాలేదు. 1864 అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న బందరు మునిగినవి. బందరులో సుమారు 30,000 మంది మరణించిరి. ఆ మరుసటి సంవత్సరమే కలకత్తా రేవున తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ వెలసినది.

హెచ్చరిక లేని కాలమున గృహస్థునకు ఋతువే హెచ్చరిక. తాటాకు కప్పునకు మోకులు వేసి బిగించుట, గడ్డివామికి బరువు కట్టుట వంటి పనులు తుఫానుల నెలలకు ముందే ముగియవలెను. మోకు వేయుటలో శాస్త్రమున్నది. గాలి కప్పును అణచుటకన్న పైకి లేపుటయే ఎక్కువ. కప్పు మీదుగా వేగముగా పోవు గాలివలన అక్కడ పీడనము తగ్గును. చూరు క్రింద దూరిన గాలి లోపలినుండి ఎత్తును. వేగము రెట్టింపైనచో తాకిడి నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన కప్పు 120 కిలోమీటర్ల గాలికి నిలుచునని అనుకొనుట ఎంత ప్రమాదమో దీనిచే ఊహింపవచ్చును. తుఫాను కన్ను ఊరిమీదుగా పోవునప్పుడు కొంతసేపు గాలి స్తంభించును, పిమ్మట ఎదురుదిక్కునుండి వీచును. ఒకవైపు మాత్రమే కట్టిన ఇల్లు ఈ రెండవ గాలికి పడిపోవును.

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన ఎదుట ఏ మోకును పనిచేయలేదు. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయిరి. అలలు ఇంటిలోనికి వచ్చుచోట పెరడు సర్దుట కాదు, పెరడు విడిచిపోవుటయే సన్నాహము. తీరమున తుఫాను ఆశ్రయ భవనములు కట్టుట అందుకే.

లోనాటికి తుఫాను వచ్చు తీరు 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు చూచినది. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తెచ్చిన వానకు మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన పెట్టుకొనెను. అఫ్జల్‌గంజి చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని ప్రసిద్ధి. చింతకు వేరు లోతు, కొమ్మ గట్టి. మునగ, బొప్పాయి అట్టివి కావు. ఇంటిగోడ ప్రక్కన వాటిని పెంచువారు ఇది గుర్తింపదగును. ఇటీవల 2025 అక్టోబరులో ‘మొంథా’ తుఫాను ఆంధ్రతీరము దాటి బలహీనపడిన తరువాతనే వరంగల్లును ముంచినది.

ఇక బోధను సంగతి. మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తియై కాలువనీరు పారుటతో ఈ ప్రాంతము చెరకుసీమ అయ్యెను. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. అది 2015లో మూతపడెను. ఇక్కడి రైతునకు ఏప్రిలు, మే నెలల గాలిదుమారమన్న భయము. తుఫానువలె రెండుమూడు దినముల ముందు అది కబురంపదు. మధ్యాహ్నము మబ్బు పట్టి సాయంకాలమునకు పెంకులు లేపును. వర్షాకాలమున నేల నానియుండగా వచ్చు గాలి చెరకును పడవేయును. పడిన గడ మరల నిలువున లేచుటకు తాను దాచుకొన్న చక్కెరనే వెచ్చించును. కణుపులనుండి వేళ్లు, పిలకలు పుట్టును, ఎలుకలు కొరుకును. సంవత్సరపు రాబడి అంతమేరకు తరుగును.

దీనికి రైతు చేయునది జడచుట్టు. ముందుగా మొదళ్లకు మట్టి ఎగదోయుదురు. పిమ్మట ఎండిన క్రింది ఆకులను జడవలె పేని, గడలను వాటితోనే చుట్టి, ఎదురెదురు సాళ్లను ఒకటిగా కలిపి కట్టుదురు. ఒంటిగడ ఊగినచో మొదలుకడ విరుగును లేదా పెకలును. కలిసిన గడలు తాకిడిని పంచుకొనును. పచ్చని ఆకులను కట్టులో బిగింపరు, చక్కెర తయారగునది వాటియందే కదా!

పెరటిలోని గెల వేసిన అరటికి వెదురు ఊతలు కట్టుట ఈ ఉపాయమే. వేపకు ఎండుకొమ్మలు తీసి, గాలి దూరిపోవునట్లు గుబురును కొంత పలుచన చేసిన చాలును, మొండి చేయరాదు. వదులు రేకులు, పెంకులు వేసవికి ముందే సరిచేయవలెను.

వాన పనికి మృగశిర కార్తె గడువు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుగల పెరటిలో 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో 10,000 లీటర్ల నీరు చేరును. ఆ నీరు మట్టిగోడ అడుగున నిలిచినచో గోడ నాని కూలును. నిజామాబాదు పట్టణములోని ఇరుకైన పెరళ్లలో నేలవాలు ఇంటినుండి వీధికాలువవైపు ఉన్నదో లేదో ఒక కడివెడు నీరు పోసి చూచిన తెలియును. కాలువ మూతిలో రాలిన ఆకులు, కాగితములు చిక్కియుండును; వాటిని మొదటి వానకు ముందు తీసివేయవలెను.