రత్నాల్లో కాంతి వింతలు

రత్నంపై పడిన వెలుగు కొంత వెనక్కి మళ్ళుతుంది, కొంత లోపలికి వెళ్ళి వంగుతుంది, రంగులుగా చీలుతుంది, కొన్ని రంగులను రాయే ఉంచేసుకుంటుంది. వజ్రం తళుకు, వైడూర్యంలో కదిలే గీత, కెంపులో కనిపించే నక్షత్రం ఇలా పుట్టినవే.

ముందుగా వజ్రం సంగతి. ఆదోనికి వాయవ్యాన ఉన్న కౌతాళం నల్లరేగడి పొలాల ఊరు. అక్కడి నుంచి ఆగ్నేయంగా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర వైపు పోతే ఏటా తొలకరికి వజ్రాల వేట కనిపిస్తుంది. వాన మట్టిని కడిగేశాక పైకి తేలిన రాళ్ళలో మెరిసేదాని కోసం జనం వంగి వెతుకుతారు. కర్ణాటక నుంచీ వస్తారు. చేతికి చిక్కేవి చాలావరకు పలుగురాళ్ళే. ముడి వజ్రం తళతళలాడుతుందనుకుంటే పొరపాటే. అది నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. నున్నటి తలంపై వెలుగు నిటారుగా పడితే వజ్రం అందులో సుమారు 17 శాతాన్ని వెనక్కి పంపుతుంది. పలుగురాయి పంపేది 5 శాతం లోపే.

అసలు బలం లోపల ఉంది. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం వజ్రానికి 2.42. లోపలికి చేరిన కిరణం అవతలి తలాన్ని లంబం నుంచి 24.4 డిగ్రీల కంటే ఏటవాలుగా తాకితే బయటికి పోలేక లోపలికే మళ్ళుతుంది. మామూలు గాజుకు ఈ హద్దు దాదాపు 42 డిగ్రీలు, అందుకే గాజులోంచి వెలుగు సులువుగా జారిపోతుంది. పైగా వజ్రం ఎరుపునూ ఊదానూ వేరువేరుగా వంచుతుంది. రాయి కదిలినప్పుడు ఎగిసే రంగుల నిప్పురవ్వలు అవే. అయితే ఇదంతా బయటపడాలంటే సానబట్టినవాడికి కోణాల లెక్క తెలియాలి.

ఇందుకు కోహినూర్ కంటే మంచి సాక్ష్యం లేదు. గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిదని చెప్పే ఈ వజ్రాన్ని 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే జనం పెదవి విరిచారు. బరువు తగ్గకుండా చూసిన పాత చెక్కడంలో వెలుగు సరిగా తిరిగి వచ్చేది కాదు. మరుసటి ఏడు దాన్ని మళ్ళీ కోశారు. నేటి లెక్కలో 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగింది. దాదాపు 85 క్యారెట్లు పొడిగా పోయాయి. తళుకు కోసం చెల్లించిన ధర అది, చాలా ఎక్కువే. తళుకు బాగా రావడానికి వజ్రం పలకల కోణాలు ఎలా ఉండాలో ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ గణితంతో తేల్చి పుస్తకంగా వేసింది ఆ తర్వాత ఎప్పటికో, 1919లో.

కొల్లూరుదేనని భావించే మరో రాయి హోప్ వజ్రం. 45.52 క్యారెట్ల ఈ రాతికి నీలి రంగు తెచ్చింది అతి కొద్దిగా ఉన్న బోరాన్. అతినీలలోహిత దీపం కింద పెట్టి దీపం ఆర్పితే, నీలిరాయి కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతూ ఉంటుంది.

వైడూర్యం కథ వేరు. లోపల ఒకే దిక్కుగా సన్నని సూదులో, ఖాళీ గొట్టాలో బారులు తీరి ఉంటాయి. రాతిని గుమ్మటంలా నునుపు చేస్తే వెలుగు వాటికి అడ్డంగా ఒక్క గీతగా చేరుతుంది. రాయిని తిప్పితే గీత జరుగుతుంది. ఉత్తరాంధ్రలో నర్సీపట్నం, గొలుగొండ ప్రాంతాల రంగురాళ్ళలో ఇది ప్రసిద్ధం.  కెంపు, నీలాల్లో సూదులు మూడు దిక్కులుగా పేరుకుంటే ఆరు కిరణాల నక్షత్రం వస్తుంది. భారతదేశపు గార్నెట్లలో నాలుగు కిరణాలవీ ఉన్నాయి.

వైడూర్యపు ఖనిజజాతికే చెందినది అలెగ్జాండ్రైట్. ఇందులోని క్రోమియం పసుపు వెలుగును పీల్చుకుని ఆకుపచ్చనూ ఎరుపునూ వదులుతుంది. పగటి వెలుగులో నీలం, ఆకుపచ్చల పాలు ఎక్కువ కాబట్టి పచ్చగా, పాతకాలపు ఫిలమెంట్ బల్బు కింద ఎర్రగా కనిపిస్తుంది.

చంద్రకాంత శిలలో తేలే పాలవెలుగుకు కారణం రెండు రకాల ఫెల్డ్‌స్పార్ ఖనిజాల పలుచటి పొరలు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, నోబెల్ తర్వాత బెంగళూరులో వజ్రాలతోపాటు ఈ ఫెల్డ్‌స్పార్లనూ పరిశీలించాడు.

కొనేవారికి పనికొచ్చే పరీక్ష కూడా కాంతిలోనే ఉంది. వజ్రంలో కిరణం ఒక్కటిగానే సాగుతుంది. దాన్ని పోలిన మొయిసనైట్‌లో రెండుగా చీలుతుంది. భూతద్దం పెట్టి పై పలక గుండా కాస్త ఏటవాలుగా చూస్తే మొయిసనైట్ అడుగు అంచులు జంట గీతలుగా కనబడతాయి.