పాస్‌బుక్ రాజ్యం

దక్షిణాఫ్రికాలో 1913 జూన్‌లో అమలులోకి వచ్చిన భూమి చట్టం నల్లజాతి వారికి దేశంలో దాదాపు 7 శాతం నేల మాత్రమే వదిలింది. ఆ హద్దు దాటి కొనే వీల్లేదు. పొలం లేనివాడు బంగారు గనికో తెల్లవాళ్ల కమతానికో కూలికి పోక ఏం చేస్తాడు? 1948లో అధికారానికొచ్చిన తెల్లవాళ్ల నేషనల్ పార్టీ అపార్థైడ్ (జాతి వేర్పాటు) పేరుతో బిగించింది అప్పటికే వేసి ఉన్న ఈ ఉచ్చునే.

కూలీ కావాలి, కానీ అతను పట్నంలో కాపురం పెట్టకూడదు. ఈ రెండూ సాధించిపెట్టింది పాస్‌బుక్. 1952 చట్టం వచ్చాక 16 ఏళ్లు నిండిన ప్రతి నల్లజాతి మగవాడూ దాన్ని వెంట ఉంచుకోవాల్సిందే. అందులో ఫోటో, తెగ పేరు, పన్ను కట్టిన ఆధారం, నెలనెలా యజమాని సంతకం. అనుమతి లేకుండా పట్నంలో 72 గంటలు దాటితే నేరం. పని పోతే సంతకం ఆగిపోయేది, దాంతోపాటే అక్కడ ఉండే హక్కూ పోయేది.

ఆడవాళ్లకూ దాన్ని అంటగట్టబోతే, 1956 ఆగస్టు 9న దాదాపు 20,000 మంది మహిళలు ప్రిటోరియాకు తరలివచ్చారు. కొందరి వీపున పసిబిడ్డలున్నారు. అర్జీల కట్టలు ప్రధాని కార్యాలయంలో వదిలి, అరగంటసేపు పెదవి విప్పకుండా నిలబడ్డారు. ఈ పోరాటంలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇదే. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసులకు ఎదురుతిరిగిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కలోనే 69 మంది చనిపోయారు.

తర్వాత నల్లజాతి సంస్థలపై నిషేధాలు, 1964లో వారి నాయకుడు నెల్సన్ మండేలాకు యావజ్జీవ శిక్ష, 1976లో సోవెటో బడిపిల్లల తిరుగుబాటు. 1984లో ప్రభుత్వం భారత సంతతికి పార్లమెంటులో విడిగా ఒక సభ ఇస్తానంది. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నటాల్ చెరకు తోటలకు చేరిన తెలుగు, తమిళ కూలీల వారసులూ వారిలో ఉన్నారు. నల్లజాతి వారిని బయట ఉంచి తమకిచ్చే ఆ ఓటును భారత సంతతిలో అత్యధికులు బహిష్కరించారు. మనవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ విషయమిది.

పాసు చట్టాలు 1986లోనే రద్దయ్యాయి, మండేలా విడుదలకు నాలుగేళ్ల ముందు. ఎన్ని అరెస్టులు చేసినా పట్నాలకు వచ్చే జనం ఆగలేదు. ఆ చట్టాల నడుం విరిచింది వాళ్లే.

1990 తర్వాత ప్రభుత్వానికీ నల్లజాతి నాయకులకూ మధ్య చర్చలు నెత్తుటి మధ్యే సాగాయి. 1993 ఏప్రిల్‌లో నల్లజాతి నాయకుడు క్రిస్ హానీ హత్యతో దేశం అంతర్యుద్ధం అంచుకు వెళ్లింది. ఏడాదికి, 1994 ఏప్రిల్ 27న, 75 ఏళ్ల మండేలా జీవితంలో తొలిసారి ఓటేశాడు. అందుకు ఆయన ఎంచుకున్నది ఇనాండాలోని ఓహ్లాంగే పాఠశాల. దాన్ని స్థాపించిన జాన్ డూబే, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తొలి అధ్యక్షుడిగా, 1913 చట్టాన్ని ఎదిరించినవాడు.

ఓటు వచ్చింది, నేల మాత్రం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. పోయిన భూమిని తిరిగి కోరే హక్కు రాజ్యాంగం ఇచ్చింది గానీ, అది 1913 జూన్ 19 తర్వాత లాక్కున్న వాటికే వర్తిస్తుంది. అంతకుముందే దండయాత్రల్లో పోయిన నేలకు ఆ దారి లేదు.